రెండు టర్న్‌టేబుళ్లు, మధ్యలో మిక్సర్: శ్రీకాకుళంలో ఇంటి దగ్గరే డీజే సెట్టు పెట్టుకుని రేవ్ సంగీతం కలపడం ఎలా

వినాయక నిమజ్జనానికో, పెళ్లి ఊరేగింపుకో డీజేని మాట్లాడామని చెప్పగానే మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎవరైనా మొదట అడిగేది "ఎన్ని బేస్ బాక్సులు?" అనే. వ్యాన్ మీద పెట్టెలు ఎంత ఎత్తు పేరిస్తే అంత పెద్ద డీజే. ల్యాప్‌టాప్‌లో పాటలు వరసగా పడుతుంటాయి, కుర్రాళ్లు ఎగురుతుంటారు. ఆ సందడంటే నాకూ ఇష్టమే. కానీ డీజే పనితనం ఆ పెట్టెల్లో ఉండదు. జనం ఒక పాట వింటుండగా రెండో పాటను తనొక్కడే చెవిలో విని, రెండింటి నడకనూ చేత్తో కలిపి, ఎక్కడ మారిందో తెలియకుండా ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి తీసుకెళ్లడం అసలు పని. అది నేర్చుకోవడానికి రెండు టర్న్‌టేబుళ్లు (రికార్డు తిప్పే ప్లేయర్లు), వాటి శబ్దాలను కలిపే ఒక మిక్సర్ అనే పాత అమరికను మించిన గురువు లేదు. స్క్రీన్ మీద గీతలు చూసి కలిపే సౌకర్యం అందులో లేదు కాబట్టి చెవి పనిచేయక తప్పదు.

రాత్రంతా జనం ఆడే రేవ్ అనే పెద్ద పార్టీల సంగీతం, అదే రేవ్ సంగీతం, పెరిగింది కూడా ఈ అమరిక మీదే. అందుకని ఒక్కో సామాను కొనడం, బిగించడం చెబుతూ, అది ఎవరి అవసరం కోసం అలా తయారైందో కూడా చెబుతాను. ఆ కథ తెలిస్తే ఏ మీట ఎందుకుందో బట్టీ పట్టక్కర్లేదు.

1. టర్న్‌టేబుల్: డైరెక్ట్ డ్రైవ్ తప్ప ఇంకోటి వద్దు

ఇంట్లో పాటలు వినడానికి చేసే రికార్డు ప్లేయర్లు చాలావరకు బెల్టు మీద తిరుగుతాయి. మోటారు ఓ పక్క, ప్లాటర్ (రికార్డు కూర్చునే పళ్లెం) ఓ పక్క, మధ్యలో రబ్బరు బెల్టు. వినడానికి అది చక్కగా సరిపోతుంది. డీజే అయితే తిరుగుతున్న రికార్డును చేత్తో ఆపుతాడు, వెనక్కి లాగుతాడు, సరిగ్గా దెబ్బ (బీట్) మీద వదులుతాడు. వదిలిన వెంటనే పూర్తి వేగం రావాలి. బెల్టుకి అంత బలం ఉండదు, సాగుతుంది, జారుతుంది.

జపాన్‌లో మత్సుషితా కంపెనీ ఇంజనీరు షుయిచి ఒబాటా బెల్టు తీసేసి ప్లాటర్‌ను మోటారు ఇరుసు మీదే కూర్చోబెట్టారు. దీన్నే డైరెక్ట్ డ్రైవ్ అంటారు. అలా ఆ కంపెనీ టెక్నిక్స్ బ్రాండులో 1970లో ఎస్‌పీ-10, 1972లో ఎస్ఎల్-1200 వచ్చాయి. 1979లో వచ్చిన ఎస్ఎల్-1200 మార్క్ 2 ఇప్పటికీ డీజేల కొలమానం. క్వార్ట్జ్ గడియారంతో వేగం కచ్చితంగా నిలుస్తుంది, మీట నొక్కిన 0.7 సెకన్లలో పూర్తి వేగం అందుకుంటుంది, కుడి పక్కన వేగాన్ని 8 శాతం పెంచడానికీ తగ్గించడానికీ పొడవాటి పిచ్ ఫేడర్ ఉంటుంది. 2010లో తయారీ ఆపేసినా, 2016లో కొత్త మోడల్‌తో ఈ వరస మళ్లీ మొదలైంది. 2019లో మార్క్ 7 వచ్చింది.

కొత్త టెక్నిక్స్ జత కొనడం చాలా ఇళ్లకు భారమే. పయనీర్ పీఎల్ఎక్స్ వరస, రీలూప్, ఆడియో-టెక్నికా ఎల్‌పీ120 లాంటివి కూడా డైరెక్ట్ డ్రైవ్‌లే. నేర్చుకోవడానికి అవి హాయిగా పనికొస్తాయి. సూట్‌కేసు ఆకారంలో అందంగా కనిపించే చవక ప్లేయర్ల జోలికి వెళ్లకండి. వాటిలో ముల్లు బరువు సరిచేసే వీలే ఉండదు, రికార్డు అరిగిపోతుంది. మైకు సెట్టు వాళ్ల అటక మీదున్న పాత ప్లేయర్ దొరికిందని సంబరపడినా, దాన్ని జ్ఞాపకంగా దాచుకోండి, ఈ పనికి వాడకండి.

సెకండ్‌హ్యాండ్ కొంటుంటే మూడు పరీక్షలు పెట్టండి. ప్లాటర్ అంచున చుక్కల వరసలు నాలుగు ఉంటాయి. పిచ్ సున్నా దగ్గర పెట్టి తిప్పితే పక్కనున్న ఎర్ర లైటు వెలుగులో పెద్ద చుక్కల వరస కదలకుండా నిలబడినట్టు కనిపించాలి. టోన్‌ఆర్మ్‌ను, అంటే ముల్లును మోసే కడ్డీని, రెండు వేళ్లతో మెల్లగా పట్టుకుని ముందుకీ వెనక్కీ కదిపితే లొడలొడమనకూడదు. హెడ్‌ఫోన్స్‌లో ఎడమ, కుడి రెండు వైపులా శబ్దం సమానంగా రావాలి. ఇంకొకటి, జపాన్ నుంచి వచ్చిన పాత యంత్రాలు 100 వోల్టులవి. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతాయి. వెనక రాసిన వోల్టేజీ చదివి, అవసరమైతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి.

రెండూ ఒకే మోడల్ అయితే మంచిది. చేతికి ఒక అలవాటు చాలు.

2. మిక్సర్

1970కి కాస్త అటూ ఇటూగా న్యూయార్క్‌లో శాంక్చువరీ అనే క్లబ్బులో ఫ్రాన్సిస్ గ్రాసో అనే డీజే కింద ప్లాటర్ తిరుగుతుండగా రికార్డును వేలితో ఆపి పట్టి, అనుకున్న దెబ్బ మీద వదిలేవాడు. రెండు పాటల దెబ్బలు కలిపి మోగించడాన్ని ఒక విద్యగా నిలబెట్టిన తొలితరం వాడాయన. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో సెడ్జ్‌విక్ అవెన్యూలోని ఒక అపార్ట్‌మెంట్ పార్టీలో జమైకా నుంచి వచ్చిన కూల్ హెర్క్ అనే డీజే పాటలు వేశాడు. పాటలో డ్రమ్ములు ఒక్కటే మోగే చోట జనం ఎక్కువ ఎగురుతున్నారని గమనించి, అదే రికార్డు రెండు ప్రతులు రెండు ప్లేయర్ల మీద పెట్టి ఆ ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పడం ఆయన పద్ధతి. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ దాన్ని గడియారం ముల్లంత కచ్చితం చేశాడు, రికార్డు మీద గుర్తులు పెట్టుకుని. గ్రాండ్ విజార్డ్ థియడోర్ రికార్డును ముందుకీ వెనక్కీ రుద్ది స్క్రాచ్ పుట్టించాడు.

వీళ్లందరికీ కావలసినవి రెండే: జనానికి వినిపించనిది తమకు మాత్రం వినిపించాలి, ఒక ప్లేయర్ నుంచి రెండోదానికి క్షణంలో మారాలి. మొదటిదాని కోసం మిక్సర్‌లో క్యూ మీట, రెండోదాని కోసం అడ్డంగా జరిగే క్రాస్‌ఫేడర్ వచ్చాయి. మీరు కొనే మిక్సర్‌లో ఈ రెండూ ఉండాలి. రెండు ఛానళ్లు చాలు. ఒక్కో ఛానల్‌కి లోపలికొచ్చే శబ్దం స్థాయి సరిచేసే గెయిన్ మీట, దాంతో పాటు సన్న, మధ్య, బేస్ శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే హై, మిడ్, లో అనే మూడు ఈక్యూ మీటలు, నిలువు ఫేడరు. అన్నిటికంటే ముఖ్యం, వెనక టర్న్‌టేబుల్ వైర్లు గుచ్చే ఫోనో ఇన్‌పుట్లు.

సౌండ్ సర్వీసు వాళ్ల దగ్గరుండే మైకుల మిక్సర్‌లో ఈ ఫోనో ఇన్‌పుట్ ఉండదు. కార్ట్రిడ్జ్ (టోన్‌ఆర్మ్ కొనలో ముల్లు బిగించి ఉండే చిన్న భాగం) నుంచి వచ్చే సిగ్నల్ ఐదు, పది మిల్లీవోల్టులు మించదు. ఫోన్, ల్యాప్‌టాప్ లాంటివి ఇచ్చే మామూలు లైన్ సిగ్నల్ దానికి ఎన్నో రెట్లు. పైగా రికార్డు కోసేటప్పుడే, అంటే గాడి చెక్కేటప్పుడే, బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. అలా చేయకపోతే బేస్ కోసం గాడి అటూ ఇటూ మరీ వెడల్పుగా ఊగాలి, అప్పుడు ఒక వైపు పట్టే పాట నిడివి తగ్గిపోతుంది. ఆ తేడాను తిరగేసి సరిచేసే పనే ఫోనో ఇన్‌పుట్‌ది. 1950ల నుంచి దీనికి ఆర్ఐఏఏ అనే ఒకే ప్రమాణం ఉంది. కాబట్టి టర్న్‌టేబుల్‌ను లైన్‌లో గుచ్చితే పాట సన్నగా, బేస్ లేకుండా వస్తుంది. ఫోన్‌ను ఫోనోలో గుచ్చితే చెవులు చిల్లులు పడేలా పగులుతుంది. కొన్ని టర్న్‌టేబుళ్లలో ఈ సవరణ చేసే ప్రీఆంప్ లోపలే ఉంటుంది, వెనక స్విచ్ ఉంటుంది. మిక్సర్‌లో ఫోనోకి కలుపుతుంటే ఆ స్విచ్ కూడా ఫోనో మీదే ఉంచండి.

3. బల్ల, రాయి, కరెంటు

చాలామంది దీన్ని వదిలేస్తారు. కార్ట్రిడ్జ్ చేసేది కదలికను కరెంటుగా మార్చడం. స్పీకర్ అదురు బల్ల మీదుగా ముల్లుకి చేరితే అదే మళ్లీ స్పీకర్లోకి వెళ్తుంది, బుమ్మ్‌మని మూలుగు మొదలై క్షణంలో పెరిగిపోతుంది. బేస్ బాక్సులున్న బల్ల మీదే టర్న్‌టేబుల్ పెడితే ఇది ఖాయం.

బల్ల నడుము ఎత్తు ఉండాలి, గంటలకొద్దీ నిలబడి చేసే పని కాబట్టి. ప్లైవుడ్ బల్ల అదురుతుంది. దాని మీద ఒక్కో టర్న్‌టేబుల్ కింద ఒక రాతి పలక పెడితే సగం బాధ పోతుంది. మన జిల్లాలో రాయికి కరువా? టెక్కలి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో కోతలో మిగిలిన ముక్కలు పక్కన పడేసి ఉంటాయి. ఒకటిన్నర అడుగు పొడవు, అడుగుంపావు వెడల్పున్న ముక్క కావాలని నేను వెళ్తే, మిషన్ దగ్గరున్న పెద్దాయన "ఏటి బాబూ, గ్యాస్ పొయ్యి కిందకా?" అన్నాడు. "కాదండీ, పాటల రికార్డులు తిప్పే మిషన్ కిందకి" అంటే కాసేపు ఆలోచించి, "అదురు ఉండకూడదంటే ఇది పల్చన. దళసరిది సూడు" అని లోపలి నుంచి నీలం మెరుపున్న ఇంకో ముక్క తెచ్చి, అంచులు గీసుకోకుండా రాపిడి కూడా పట్టి ఇచ్చాడు. అలాంటి పలక తొమ్మిది పది కిలోలుంటుంది. దాని కింద నాలుగు మూలలా సగానికి కోసిన టెన్నిస్ బంతులు బోర్లించండి. రాయి బరువు, బంతి మెత్తదనం కలిసి అదురును మింగేస్తాయి.

తర్వాత మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి ప్లాటర్ మీద పెట్టి చూడండి, అటూ ఇటూ రెండు వైపులా. కిందనున్న నాలుగు కాళ్లనూ తిప్పి బుడగ మధ్యకు తెచ్చుకోవాలి. వాలు ఉంటే ముల్లు ఒక పక్కకే ఒరుగుతుంది.

కరెంటు విషయంలో మూడు పిన్నుల ప్లగ్గుకి నిజంగా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఉన్న సామానంతా ఒకే బోర్డు నుంచి తీసుకోండి. చవక ఇన్వర్టర్ల స్క్వేర్ వేవ్ మీద మిక్సర్ గీపెడుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితేనే కలపండి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున, పిడుగుల రాత్రి, ప్లగ్గులు పీకేయడమే మేలు.

4. ముల్లు బరువు సరిచేయడం

కంగారు పడకుండా ఒకసారి నేర్చుకుంటే తర్వాత ఐదు నిమిషాల పని. యంత్రం ఆపేసి, యాంటీ-స్కేట్ మీటను (ఆర్మ్ లోపలి వైపు లాగకుండా చూసేది) సున్నాలో పెట్టండి. ముల్లు మూత తీసేయండి. టోన్‌ఆర్మ్ తాళం విప్పి, రికార్డు లేని ప్లాటర్ పక్కగా చేత్తో పట్టుకుని, వెనకున్న బరువును మెల్లగా తిప్పండి. ఒక దశలో చెయ్యి వదిలినా ఆర్మ్ పైకీ పోదు, కిందకీ పోదు, నేలకు సమాంతరంగా గాలిలో తేలుతుంది. అదీ సున్నా. ఆర్మ్‌ను తిరిగి దాని స్టాండులో తాళం వేసి, బరువు కదలకుండా ముందున్న అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకి తిప్పండి. ఇప్పుడు బరువూ చక్రమూ కలిపి, కావలసిన అంకె వచ్చేదాకా తిప్పండి.

ఎంత పెట్టాలో కార్ట్రిడ్జ్ పెట్టె మీద రాసి ఉంటుంది. డీజే కార్ట్రిడ్జ్‌లకు 3 గ్రాముల ప్రాంతం మామూలు. స్క్రాచ్ కోసం చేసినవి 4 దాకా అడుగుతాయి. జారుతోందని పైన నాణెం పెట్టే పాత అలవాటు మానుకోండి. జారడానికి కారణం ఎప్పుడూ బరువు తక్కువ కావడమే కాదు. వాలు, దుమ్ము, అరిగిన ముల్లు కూడా కావచ్చు. తక్కువ బరువు మంచిదనుకోవడమూ పొరపాటే. ముల్లు గాడిలో గట్టిగా కూర్చోక గెంతుతూ గోడలను చెక్కుతుంది.

ఆర్టఫాన్ కంకార్డ్ లాంటి కార్ట్రిడ్జ్‌లు ఒకే ముక్కగా వస్తాయి, నేరుగా ఆర్మ్‌లో బిగిస్తే చాలు. విడి హెడ్‌షెల్‌లో (ఆర్మ్ కొనకు తగిలించే తొడుగు) కార్ట్రిడ్జ్ బిగించేటప్పుడు మాత్రం టెక్నిక్స్ ఆర్మ్‌కి హెడ్‌షెల్ రబ్బరు వాషర్ నుంచి ముల్లు కొన దాకా 52 మిల్లీమీటర్లు ఉండాలి. స్కేలుతో కొలవండి.

ప్లాటర్ మీదున్న రబ్బరు మ్యాట్ తీసేసి స్లిప్‌మ్యాట్ వేయండి. పల్చటి ఫెల్ట్ గుడ్డ అది. రికార్డును వేలితో ఆపినా కింద ప్లాటర్ తిరుగుతూనే ఉండటానికి అదే కారణం. ఇంకా జారుడు కావాలంటే దాని కింద రికార్డు కవర్ లోపలి ప్లాస్టిక్ కాగితాన్ని గుండ్రంగా కోసి పెట్టండి.

5. వైర్లు, హమ్మింగ్

ఒక్కో టర్న్‌టేబుల్ నుంచి ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ వైర్లు, వాటితో పాటు కొన దగ్గర కొక్కెంలా ఉండే సన్నటి వైరు ఒకటి వస్తాయి. మొదటిసారి చూసినవాళ్లు ఆ మూడోదాన్ని వేలాడనిచ్చేస్తారు. అది ఎర్త్ వైరు. మిక్సర్ వెనక జీఎన్‌డీ (గ్రౌండ్) అని రాసిన మర ఉంటుంది. రెండు టర్న్‌టేబుళ్ల కొక్కేలూ దాని కిందకి దూర్చి బిగించండి. బిగించకముందు ఒకసారి వాల్యూమ్ కొంచెం పెంచి వినండి. గదంతా గుయ్‌మని 50 హెర్ట్జ్ కరెంటు రొద. వేళ్లతో కొక్కేన్ని మరకి ఆనించగానే సగం తగ్గుతుంది, మర బిగించేసరికి పూర్తిగా ఆగిపోతుంది. ఇంకా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్, మొబైల్ చార్జర్ లాంటివాటిని కార్ట్రిడ్జ్‌కి దూరంగా జరపండి.

మిక్సర్ మాస్టర్ నుంచి ఆంప్లిఫైయర్‌కో, పవర్డ్ స్పీకర్లకో తీసుకోండి. గది సెట్టుకి ఐదంగుళాల స్పీకర్లు జత చాలు. ఇంట్లో పెద్ద బేస్ బాక్సులు అక్కర్లేదు.

గెయిన్ సరిచేయడం ఇలా. ఛానల్ ఫేడరు దింపి, క్యూ నొక్కి, పాటలో అన్నిటికంటే గట్టిగా మోగే చోటు వేయండి. మీటర్ సున్నా దాటి అప్పుడప్పుడూ ఎగిరేలా గెయిన్ పెట్టండి. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటే శబ్దం పెరగదు, పగులుతుంది. స్పీకర్లలో సన్న శబ్దాలు పలికే ట్వీటర్లు పోయేది ఎక్కువగా ఇలాగే. రికార్డు మారినప్పుడల్లా గెయిన్ చూసుకోవాలి, ఎందుకంటే ప్రతి రికార్డూ ఒకే గట్టిగా కోసి ఉండదు.

6. బీట్ కలపడం

ఇక్కడే ఎక్కువ కాలం పడుతుంది. తొందరపడకండి.

రేవ్‌లో మోగే హౌస్, టెక్నో సంగీతంలో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము శబ్దం) ప్రతి దెబ్బకూ పడుతుంది, నాలుగు దెబ్బలకొక బార్. ఎనిమిది బార్లకు, అంటే 32 దెబ్బలకు, పాటలో ఏదో ఒకటి మారుతుంది. హైహ్యాట్ (చిన్న తాళాల జత శబ్దం) చేరుతుంది, బేస్ పోతుంది, గొంతు వస్తుంది. ఆదితాళం వేయడం వచ్చినవాళ్లకు ఇది చిటికెలో అందుతుంది. నాలుగు ఆవర్తనాలు పూర్తయ్యేసరికి 32. 1919లో మొదలై ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా నడిపిన సంగీత కళాశాల విజయనగరంలో ఉంది. అక్కడ మృదంగమో, వయొలినో నేర్చుకున్న పిల్లలెవరైనా డీజే వైపు వస్తే, లెక్క కోసం ఇంకెక్కడికీ వెళ్లక్కర్లేదు. కొత్త పాట మొదటి దెబ్బను పాత పాట ఆవర్తనం మొదటి దెబ్బ మీదే దింపాలి. ఒక్క దెబ్బ అటూ ఇటూ అయినా, జనం కారణం చెప్పలేకపోయినా, కాలు తడబడుతుంది.

సాధన మొదలుపెట్టడానికి ఒకే రికార్డు రెండు ప్రతులు కొనండి. ఖర్చని అనిపిస్తుంది గానీ కూల్ హెర్క్ పద్ధతి అదే. రెండిటి పిచ్ సున్నాలో పెడితే వేగం సమానం. అప్పుడు వదిలే సమయం ఒక్కటే నేర్చుకోవాలి.

మొదటి టర్న్‌టేబుల్ స్పీకర్లలో మోగనివ్వండి. రెండోది హెడ్‌ఫోన్స్‌లో ఒక చెవికి, ఇంకో చెవి గదికి. రెండో రికార్డులో మొదటి కిక్ దొరికేదాకా వెనక్కి తిప్పి, దాని మీద వేళ్లు ఆనించి ఆపండి. మెల్లగా ముందుకీ వెనక్కీ కదిపితే ఆ కిక్ అంచు వేళ్లకే తెలుస్తుంది. లెక్క పెట్టండి. ఒకటి పడగానే వదలండి. వదలడమంటే చెయ్యి ఎత్తేయడం కాదు, రికార్డు నడకలోకి చిన్నగా తోసి తీసేయడం.

రెండూ కలిస్తే ఒకే కిక్ వినిపిస్తుంది, కాస్త లావుగా. కలవకపోతే ఒకదాని వెనక ఒకటి పడి జట్కా గుర్రం డెక్కల్లా మోగుతాయి. రెండోది వెనకబడితే లేబుల్ దగ్గర వేలు పెట్టి ముందుకి కొద్దిగా తోయండి. ముందుంటే ప్లాటర్ పక్కన చుక్కల అంచుకి వేలి కొన ఆనించండి. ఆ చుక్కలు చిన్న చిన్న బొడిపెల్లా వేలికి తగులుతూ పోతాయి. ఎంత తాకితే ఎంత తగ్గుతుందో కొన్నాళ్లకు వేలికే తెలిసిపోతుంది.

ఇది కుదిరాక ఇంట్లో ఎవరినైనా పిలిచి రెండో టర్న్‌టేబుల్ పిచ్ ఫేడర్‌ను కాస్త జరిపి, దాని మీద కాగితం కప్పమనండి. అంకె చూడకుండా చెవితోనే సరిచేయాలి. ముందుగా రికార్డును చేత్తో కలిపి, మళ్లీ ఎటు జారిపోతోందో విని, వెనకబడుతుంటే పిచ్ పెంచాలి, ముందుకి పోతుంటే తగ్గించాలి. పెద్ద సవరణ మొదట, సగానికి సగం తగ్గించుకుంటూ చిన్న సవరణలు తర్వాత. ఈ ఒక్క సాధన చాలు, స్క్రీన్ అవసరం జీవితాంతం ఉండదు.

లెక్క కూడా తెలిసి ఉండటం మంచిది. నిమిషానికి 124 దెబ్బల పాటను 128కి తేవాలంటే పిచ్ సుమారు 3.2 శాతం పెంచాలి. 125 దెబ్బల పాట, 8 శాతం పరిధిలో, 115 నుంచి 135 దాకా వెళ్తుంది. హౌస్ 120 నుంచి 130 ప్రాంతంలో, ట్రాన్స్ 130 నుంచి 145 దాకా, డ్రమ్ అండ్ బేస్ 170 ప్రాంతంలో ఉంటాయి. కాబట్టి అన్నీ అన్నిటితో కలవవు. వేగంతో పాటు శ్రుతి కూడా మారుతుందని గుర్తుంచుకోండి: 6 శాతం పెంచితే దాదాపు ఒక స్వరస్థానం పైకి పోతుంది. గొంతు ఉన్న పాటకి 3, 4 శాతం దాటితే వినేవాళ్లకు తేడా తెలిసిపోతుంది.

7. బేస్ మార్చుకోవడం

రెండు పాటల బేస్ ఒకేసారి మోగితే ముద్దైపోతుంది. కొత్త పాటను లో మీట పూర్తిగా తగ్గించి లోపలికి తెండి. హైహ్యాట్లు మాత్రమే చేరతాయి. 32 దెబ్బల మలుపు దగ్గర ఒక చేత్తో పాతదాని లో తగ్గిస్తూ, ఇంకో చేత్తో కొత్తదాని లో పెంచండి. తర్వాత పాతదాన్ని తొందర లేకుండా దించేయండి. క్రాస్‌ఫేడర్ స్క్రాచ్‌కీ, చటుక్కున కోయడానికీ పనికొస్తుంది. ఇలాంటి నిడివైన కలయికకు నిలువు ఫేడర్లే నయం.

8. రేవ్ డీజే ఎక్కడి నుంచి వచ్చాడు

పాటల వరస కట్టడం అర్థం కావాలంటే ఈ కథ కావాలి. 1977 నుంచి షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకల్స్ డిస్కో రికార్డులను సాగదీసి, తిరగకట్టి వేసేవాడు. అక్కడ పుట్టినదే హౌస్. డెట్రాయిట్ దగ్గర బెల్విల్‌లో కలిసి చదువుకున్న యువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ టెక్నోకి రూపం ఇచ్చారు. రోలాండ్ కంపెనీ టీఆర్-808, టీఆర్-909 డ్రమ్ మిషన్లు, గిటార్ వాయించేవాళ్లకు తోడుగా చేసి అమ్ముడుపోని టీబీ-303 బేస్ మిషన్ వీళ్ల చేతుల్లో కొత్త ప్రాణం పోసుకున్నాయి. 1987లో ఆ 303 మీటలను తిప్పి షికాగో కుర్రాళ్లు చేసిన శబ్దానికి యాసిడ్ హౌస్ అని పేరొచ్చింది. అంతకు ఐదేళ్ల ముందే, 1982లో, ముంబయిలో సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ అదే 303, 808 మీద పది రాగాలు డిస్కో దెబ్బకు వాయించి ఎల్‌పీ తెచ్చారు. ఎవరూ పట్టించుకోలేదు. 2010లో తిరిగి విడుదలయ్యాక ప్రపంచం ఆశ్చర్యపోయింది. మన కుర్రాళ్లు ఎవరైనా రేవ్ సంగీతం మనది కాదంటే ఆ రికార్డు వినిపించండి.

1987 వేసవిలో లండన్ డీజేలు పాల్ ఓకెన్‌ఫోల్డ్, డానీ రాంప్లింగ్, నిక్కీ హాలోవే, జానీ వాకర్ స్పెయిన్‌లోని ఇబీజా దీవిలో అల్ఫ్రెడో అనే డీజే అన్ని రకాల పాటలూ కలిపి వేయడం విని వచ్చారు. రాంప్లింగ్ లండన్‌లో షూమ్ అనే క్లబ్బు మొదలుపెట్టాడు. 1988కల్లా అది ఉప్పెన. క్లబ్బులు చాలక గిడ్డంగులు, పొలాలు, లండన్ చుట్టూ తిరిగే ఎం25 రోడ్డు పక్కన మైదానాలు. ఎక్కడ జరుగుతుందో ఫోన్ లైన్‌లో రికార్డు చేసిన సందేశం విని జనం కార్లలో బయల్దేరేవాళ్లు. మూడు టర్న్‌టేబుళ్లు ఒకేసారి కలిపే కార్ల్ కాక్స్‌కి పేరొచ్చింది అప్పుడే. 1992 మేలో ఇంగ్లండ్‌లోని కాజిల్‌మోర్టన్ మైదానంలో వేలమంది రోజుల తరబడి ఆడాక, ఇలాంటి పార్టీలను ఆపడానికి 1994లో బ్రిటన్ చట్టమే తెచ్చింది, మళ్లీ మళ్లీ వచ్చే దెబ్బల సంగీతం అంటూ చట్టంలోనే నిర్వచించి మరీ.

డీజే అంత పెద్దవాడు ఎలా అయ్యాడు? రేవ్‌లో వేసే రికార్డులు చాలావాటికి లేబుల్ కూడా ఉండేది కాదు, తెల్లటి కాగితమే. పాడినవాళ్ల మొహం ఎవరికీ తెలియదు, చాలాసార్లు పాడేవాళ్లే ఉండరు. తర్వాత ఏం రాబోతోందో తెలిసిన మనిషి ఆ మైదానంలో ఒక్కడే. జనం కళ్లు సహజంగానే అతని మీదకి మళ్లాయి. కాబట్టి మీ సంచిలో రికార్డుల ఎంపిక ముఖ్యం. గంటసేపు వాయించడానికి ఇరవై రికార్డులు చాలు. వాటి మొదలు, చివర, బేస్ ఎక్కడ పోతుందో కంఠస్థం అయి ఉండాలి. అన్నిటికంటే గట్టి పాటను మొదటి పావుగంటలో ఖర్చుపెట్టకండి.

రేవ్ పార్టీ అనగానే మన పేపర్లలో పోలీసు దాడులు గుర్తొస్తాయి. ఆ కాలంలో ఎక్స్‌టసీ లాంటి మత్తు మాత్రలు ఆ పార్టీల్లో విరివిగా ఉన్నాయి, ప్రాణాలూ పోయాయి. దాచేది ఏమీ లేదు. సంగీతానికి ఆ మాత్రల అవసరం లేదు. మీ దగ్గర వాటికి చోటివ్వకండి.

9. ఉప్పుగాలిలో రికార్డులు

గోవా బీచ్ పార్టీల్లో చాలామంది డీజేలు వినైల్ (ప్లాస్టిక్ రికార్డులు) వాడలేదు. ఎండకి వంగిపోతుంది, ఇసుక పడుతుంది. క్యాసెట్లు, తర్వాత డ్యాట్ అనే డిజిటల్ టేపులు వాడారు. మన వాతావరణమూ దాదాపు అంతే. రికార్డులు నిలువుగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. కిటికీ ఎండ తగలకూడదు. మే నెలలో ఆపిన కారులో అరగంట వదిలినా వంగిపోవచ్చు. వానాకాలంలో కాగితం కవర్లకు బూజు పడుతుంది. లోపలి కవర్లు ప్లాస్టిక్ పొర ఉన్నవి వాడి, బీరువాలో సిలికా జెల్ సంచులు వేయండి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్, కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ చాలు కడగడానికి. గాడి వెంబడే తుడవాలి, అడ్డంగా కాదు. తాతల నాటి 78 వేగం లక్క రికార్డులకు మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది. వాటిని డీజే ముల్లుతో వేయకూడదు కూడా, వాటి గాడి వెడల్పు వేరు.

సముద్రగాలికి హెడ్‌షెల్ వెనక పిన్నులు నల్లబడి ఒక వైపు శబ్దం పోతుంటుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే మళ్లీ వస్తుంది.

10. తెలుగు పాటలు వేయాలంటే

టెక్నో రికార్డులు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. కొత్త తెలుగు పాటలు వినైల్ మీద కావాలంటే కష్టం. దానికి టైమ్‌కోడ్ రికార్డులు ఉన్నాయి. 2000ల మొదట్లో ఫైనల్ స్క్రాచ్, 2004లో సెరాటో స్క్రాచ్ లైవ్ ఈ పద్ధతిని తెచ్చాయి. ఆ రికార్డు మీద పాట ఉండదు, ఒక కూత ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ కూత విని రికార్డు ఎంత వేగంగా, ఎటు తిరుగుతోందో తెలుసుకుని ల్యాప్‌టాప్‌లోని పాటను అలాగే తిప్పుతుంది. చేతి పని అంతా మామూలే. స్క్రీన్‌ను పక్కకి తిప్పి పెట్టుకోండి.

పాత సినిమా పాటలు ఆర్కెస్ట్రా అంతా కూర్చుని ఒకేసారి వాయించినవి కాబట్టి వేగం స్థిరంగా ఉండదు. పల్లవికీ చరణానికీ తేడా వస్తుంది. వాటిని నిడివిగా కలపాలని చూడకండి, లేదా వేలు ప్లాటర్ మీద నుంచి తీయకండి. తప్పెటగుళ్లను టెక్నోతో కలపాలని నాకు ఎప్పటినుంచో ఆశ. గుండెకు కట్టుకున్న తప్పెట మీద దరువు మెల్లగా మొదలై పెరుగుతూ పోతుంది. ఆ కళాకారుల అనుమతి తీసుకుని, డబ్బు ఇచ్చి రికార్డు చేసుకుని, దరువు పైకెక్కినచోట టెక్నో కిక్ వదిలితే, కింద ఏ పెట్టెలున్నా సరిపోతుంది.

11. బయట వాయించేటప్పుడు

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా 12 దాకా సడలించవచ్చు. ఇళ్ల మధ్య పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. పోలీస్ స్టేషన్‌లో అనుమతి ముందే తీసుకోండి. పెళ్లి వేడుకల్లో పాటలు వేయడానికి కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. టికెట్టు పెట్టే కార్యక్రమానికి అది వర్తించదు, లైసెన్సు తీసుకోవాలి.

చెవుల గురించి గట్టిగా చెప్పాలి. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు భద్రం అంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే. ఊరేగింపు వ్యాన్ల ముందు అంతకంటే ఎక్కువే ఉంటుంది, అక్కడ చంటిపిల్లల్ని ఎత్తుకుని నిలబడతారు. ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి, స్పీకర్లను ముసలివాళ్లు, పసిపిల్లలు కూర్చునే వైపు తిప్పకండి, హెడ్‌ఫోన్స్ వాల్యూమ్ ప్రతి పాటకీ పెంచుకుంటూ పోకండి. పోయిన వినికిడి తిరిగి రాదు, డీజేకి ఉన్న ఆస్తి అదొక్కటే.

పెట్టేటప్పుడు మిక్సర్ ముందు, ఆంప్లిఫైయర్ చివర ఆన్ చేయాలి. తీసేటప్పుడు ఆంప్లిఫైయర్ ముందు ఆపాలి, లేకపోతే ఢబ్‌మన్న దెబ్బకు స్పీకర్లు పోతాయి. ముల్లు మూత పెట్టి, టోన్‌ఆర్మ్ తాళం వేసి, హెడ్‌షెల్ విప్పి జేబులో కాకుండా దాని డబ్బాలో పెట్టండి. వెనక బరువు కూడా విప్పి పక్కన పెడితే ఆటోలో గతుకులకు ఆర్మ్ బేరింగులు దెబ్బతినవు. రికార్డుల సంచి డ్రైవర్ పక్కన, నిలువుగా. మర్నాడు ఇంటికొచ్చాక మళ్లీ సున్నా నుంచి బరువు సరిచూసుకోండి.